సమ్మరీ జడ్జిమెంట్ మోషన్‌కి లాయర్ లేకుండా జవాబిస్తున్నారా? ఉత్తరం రాసి ఊరుకోకండి

అమెరికాలో జీతం బకాయిల కోసం సొంతంగా ఫెడరల్ కోర్టుకెళ్లిన మన తెలుగాయన కేసు ఈమధ్యే పోయింది. ట్రయల్ దాకా వెళ్లనే లేదు. టైమ్‌షీట్లన్నీ ల్యాప్‌టాప్‌లో ఉన్నాయి, కోర్టు ఫైల్లో మాత్రం ఒక్కటీ లేదు. సమ్మరీ జడ్జిమెంట్ మోషన్‌కి (ట్రయల్ లేకుండానే తీర్పివ్వమని అవతలివాళ్లు కోర్టుని అడిగే దరఖాస్తు) ఆయన పేజీలకు పేజీలు ఉత్తరం రాశాడు, అందులో ప్రతి ముక్కా నిజమే, కానీ కింద ప్రమాణం లేదు, వెనక కాగితం లేదు. ఇలా పోయిన కేసులు ఇంతకుముందూ చూశాను, అందుకే రాస్తున్నా.

ఫెడరల్ కోర్టుల సివిల్ నియమాల్లో సమ్మరీ జడ్జిమెంట్‌కి సంబంధించిన రూల్ 56 కింద అవతలివాళ్లు అనేది ఇదీ: కీలకమైన విషయాల్లో అసలు తగాదానే లేదు, ట్రయల్ లేకుండా తీర్పిచ్చేయండి అని. తగాదా ఉందని మీరు సాక్ష్యంతో చూపించాలి. జవాబులో మీరు చేసే వాదన సాక్ష్యం కాదు. ప్రమాణం లేని కంప్లెయింటూ (కేసు వేసినప్పుడు ఇచ్చిన కాగితం) సాక్ష్యం కాదు.

అందుకే విడిగా డిక్లరేషన్ (నిజమేనని ప్రమాణం చేసి రాసే వాంగ్మూలం) రాయండి. మీరు స్వయంగా చూసింది, చేసింది, విన్నది మాత్రమే. నోటరీ అక్కర్లేదు, చివర "ఐ డిక్లేర్ అండర్ పెనాల్టీ ఆఫ్ పెర్జరీ దట్ ది ఫోర్‌గోయింగ్ ఈజ్ ట్రూ అండ్ కరెక్ట్" అని రాసి తేదీ, సంతకం ఉంటే చాలు. ఇండియాకి తిరిగొచ్చేసి హైదరాబాద్ నుంచి సంతకం పెడుతుంటే "పెర్జరీ" తర్వాత "అండర్ ది లాస్ ఆఫ్ ది యునైటెడ్ స్టేట్స్ ఆఫ్ అమెరికా" కూడా ఉండాలి.

వాళ్లు నంబర్లు వేసి ఇచ్చిన వాస్తవాల లిస్టు ఉంటే ఒక్కోదానికీ జవాబివ్వండి. న్యూజెర్సీ, న్యూయార్క్ సదరన్ డిస్ట్రిక్ట్ లాంటి ఫెడరల్ కోర్టుల్లో వదిలేసింది ఒప్పుకున్నట్టే లెక్క. "14. ఉద్యోగి మార్చి తర్వాత టైమ్‌షీట్లు ఇవ్వలేదు" అని ఉంటే, ఊరికే "అబద్ధం" అంటే కుదరదు. "డిస్ప్యూటెడ్. ఎగ్జిబిట్ సి, 3, 4 పేజీలు, నా డిక్లరేషన్ 6వ పేరా" అని రాయాలి (ఎగ్జిబిట్ అంటే మీరు జత చేసిన కాగితం).

గడువు కోర్టుని బట్టి మారుతుంది. కాలిఫోర్నియా నార్తర్న్ డిస్ట్రిక్ట్‌లో మామూలుగా మోషన్ వేసిన 14 రోజుల్లో, టెక్సస్ నార్తర్న్‌లో 21 రోజుల్లో. కాలిఫోర్నియా స్టేట్ కోర్టయితే 2025 నుంచి హియరింగ్‌కి 20 రోజుల ముందే. మీ జడ్జి ఆర్డర్‌లో వేరే తేదీ ఉంటే అదే ఫైనల్.

డిపాజిషన్‌లో (ట్రయల్‌కి ముందు లాయర్ల ప్రశ్నలకు ప్రమాణం మీద ఇచ్చే వాంగ్మూలం) చెప్పినదానికి విరుద్ధంగా డిక్లరేషన్ రాయొద్దు, పక్కన పడేస్తారు. వాట్సాప్ మెసేజీలు తెలుగులో ఉంటే ఇంగ్లీషు అనువాదం, అనువదించినవాళ్ల ధ్రువీకరణ జత చేయండి. అవసరమైన కాగితాలు ఇంకా అవతలివాళ్ల దగ్గరే ఉన్నాయా, రూల్ 56(డి) కింద ఏం కావాలో, ఎందుకు కావాలో, ఇప్పటిదాకా ఎందుకు దొరకలేదో డిక్లరేషన్‌లోనే చెప్పి టైమ్ అడగండి. గడువు దాటకముందే అడగండి. మీ ఎల్‌ఎల్‌సీ (మీ పేరున్న కంపెనీ) మీద కేసయితే మీరు జవాబు వేయడానికి వీల్లేదు, లాయర్ ఉండాల్సిందే. భార్య తరఫున భర్త సంతకం పెట్టొద్దు. ఏఐ ఇచ్చిన కేసు పేర్లు మీరు తెరిచి చదవకుండా పెట్టొద్దు. అవతలి లాయర్‌కి కాపీ పంపండి. ఫైల్ చేసేముందు మళ్లీ చూడండి: ప్రతి నంబర్ పక్కన పేజీ నంబర్ ఉందా? ఆ పేజీ నిజంగా జత చేశారా? డిక్లరేషన్ కింద సంతకం ఉందా?