పుస్తకంపై సంతకానికి వెళ్లే ముందు

హైదరాబాద్ పుస్తక ప్రదర్శన సాధారణంగా డిసెంబరులో, ఇందిరా పార్కు దగ్గరి ఎన్టీఆర్ స్టేడియంలో జరుగుతుంది. టీనేజీ నవలల రచయితల సంతకం కోసం పిల్లలతో వెళ్లేవారికి:

• ఇంటి నుంచి తెచ్చిన ప్రతిపై సంతకం చేస్తారో లేదో ముందే అడగండి. కొన్నిచోట్ల అక్కడ కొన్నదానికే చేస్తారు. గంటసేపు వరుసలో నిలబడ్డాక ఆ మాట వింటే పిల్లల ముఖం చూడలేం.

• పేరు చీటీపై రాసివ్వండి. శ్రీజ, లక్ష్మి వంటి పేర్లను ఇంగ్లిషులో ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, సిరా పడ్డాక చెరపలేం. మా అమ్మాయి పుస్తకంలో ఇప్పటికీ ఒక అక్షరం ఎక్కువే!

• నున్నటి కాగితంపై జెల్ పెన్ను వద్దు, అలుక్కుపోతుంది.

• ప్రశ్న ఒక్కటే, అదీ పిల్లలే అడగాలి. మీరు కాదు.

• ఫొటో అడిగి తీయండి.