ఇంటిల్లిపాదికీ పళ్ల చెకప్ ఒకే పూటలో

కరోనాతో ఆగిపోయిన పళ్ల చెకప్‌లు, నొప్పి వస్తేగానీ మళ్లీ ఎవరికీ గుర్తు రావడం లేదు. మేమిప్పుడు వేసవి సెలవుల్లో ఒకసారి, దసరా సెలవుల్లో ఒకసారి అందరం కలిసే వెళ్తున్నాం. కడపలో రిమ్స్ ఆవరణలోనే ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. టిఫిన్ తిని, బ్రష్ చేసుకుని, ఓపీ తెరిచే వేళకే క్యూలో ఉండాలి. పూటంతా పడుతుంది, పిల్లలకు నీళ్లసీసా మర్చిపోవద్దు. ముందురోజు రాత్రే ఎవరికి ఏ పన్ను జివ్వుమంటోందో, పెద్దవాళ్లు వేసుకునే బీపీ, షుగర్, రక్తం పలచబడే మాత్రల పేర్లేమిటో కాగితం మీద రాసుకోండి. మా అత్తమ్మకు డాక్టర్ ముందు కూర్చోగానే ఏ నొప్పీ గుర్తుండదు మరి!

దవడ వాచినా, పంటినొప్పితో జ్వరం వచ్చినా సెలవుల దాకా ఆగొద్దు, ఆరోజే చూపించాలి.