ఇంగ్లండ్ చర్చి కోర్టు రికార్డులు చూడబోయే ముందు

వేసవిలో యార్క్‌కో లండన్‌కో ఆర్కైవ్స్ పని మీద వెళ్లే పరిశోధకులు బయల్దేరకముందే ఇవి చూసుకోండి.

ఊరు ఏ కోర్టు కిందికి వస్తుందో ముందు తేల్చుకోండి. పక్కపక్క ఊళ్లే అయినా ఒకటి బిషప్ కోర్టు కింద, రెండోది పెక్యూలియర్ అనే ప్రత్యేక పరిధిలో ఉండొచ్చు. ఇది తప్పితే టికెట్ డబ్బులన్నీ నీళ్లపాలే.

వీలునామా కావాలంటే 1858 జనవరి 12కి ముందువే ఈ కోర్టుల్లో వెతకండి. కాంటర్‌బరీ ప్రిరోగేటివ్ కోర్టువి (అంటే కాంటర్‌బరీ ఆర్చిబిషప్ కింద వీలునామాలు చూసిన కోర్టువి) లండన్‌లో క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. డెవన్ కౌంటీ వాళ్లవి మాత్రం చాలావరకు 1942 ఎక్సెటర్ బాంబుదాడిలో కాలిపోయాయి, ఎంత నష్టమో!

1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. 1640 ఫిబ్రవరి అని ఉంటే మన లెక్కలో 1641.

సాక్షి వాంగ్మూలాన్ని విడిగా చదవొద్దు. అది గుమస్తా రాసింది, అడిగిన ప్రశ్నలు వేరే కాగితంలో ఉంటాయి. రెండూ పక్కపక్కన పెడితేనే సాక్షి తనంతట చెప్పిందేదో, అడిగితే చెప్పిందేదో తెలుస్తుంది.

1733 దాకా కోర్టు వ్యవహారమంతా ఎక్కువగా లాటిన్‌లోనే. పరువునష్టం దావాల్లో తిట్టు మాత్రం అన్న మాట అన్నట్టే ఇంగ్లిష్‌లో దొరుకుతుంది. ముందు దాన్నే పట్టుకోండి, కేసు సంగతి అక్కడే తెలుస్తుంది.

తీర్పు దొరక్కపోతే కంగారొద్దు, చాలా కేసులు మధ్యలోనే రాజీ అయ్యేవి.

1641లో పార్లమెంటు ఈ కోర్టుల శిక్షాధికారం తీసేసి, 1661లో తిరిగిచ్చింది. ఆ మధ్య ఖాళీ చూసి పుస్తకం పోయిందనుకోకండి.