గేమ్ లైవ్‌లో చాట్ పాడవుతోందా? లక్షణం, కారణం, మరమ్మతు

ఇచ్ఛాపురంలో కూర్చుని పెట్టినా, కొత్తవలసలో కూర్చుని పెట్టినా బీజీఎంఐ, ఫ్రీఫైర్ మాక్స్ లాంటి ఫోన్ షూటింగ్ ఆటల లైవ్‌లకు వచ్చే చిక్కులు ఒకటే. ఆట బాగా ఆడకపోతే మర్నాడు సరిచేసుకోవచ్చు. చాట్ ఒకసారి చెడిందంటే బాగుపడడానికి నెలలు పడుతుంది. ఇరవై నుంచి మూడు వందల మంది దాకా చూసే ఛానళ్ళను దృష్టిలో పెట్టుకుని, యూట్యూబ్ లెక్కన ఇది రాశాం. కింది రోగాల్లో చాలావాటికి సగం మందు సెట్టింగుల్లో ఉంటుంది. మిగతా సగం, ఏ మెసేజ్‌ని మీరు పైకి చదువుతారన్న దాంట్లో ఉంటుంది. రెండోది మారకపోతే రోగం తిరగబెడుతుంది.

లక్షణం: బూతులు ఆగవు, ఒకడిని తీసేస్తే ఇద్దరొస్తారు

కారణాలు మూడు. మొదటిది, బూతు పెట్టినవాడి పేరు మీరు పైకి చదివి, గేమ్ ఆపి మరీ తిడుతున్నారు. మంచి ప్రశ్న అడిగినవాడికి రెండు సెకన్లు, తిట్టినవాడికి రెండు నిమిషాలు దక్కితే ఎవరికైనా ఏది లాభమో తెలిసిపోతుంది. రెండోది, మీ బ్లాక్ లిస్టులో (చాట్‌లో ఆపాల్సిన పదాల జాబితాలో) పదాలు ఒకే స్పెల్లింగ్‌లో ఉన్నాయి. మూడోది, తీసేసినట్టు అందరికీ చాటింపు వేస్తున్నారు.

బ్లాక్ లిస్టు యూట్యూబ్ స్టూడియో సెట్టింగుల్లో, కమ్యూనిటీ విభాగంలో ఉంటుంది. పదాల మధ్య కామా పెట్టి రాయాలి. తెలుగు బూతుల చిక్కేమిటంటే, వాటిని తెలుగు లిపిలో రాసేవాళ్ళు తక్కువ. ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తారు, దీర్ఘానికి ఒకడు ఒక అక్షరం పెడితే ఇంకొకడు రెండు పెడతాడు, మధ్యలో చుక్కలో నక్షత్రాలో దూరుస్తాడు. ఇంట్లో కూర్చుని ఊహించి రాస్తే లిస్టు ఎప్పటికీ పూర్తికాదు. లైవ్ అయ్యాక పావుగంట చాట్ రీప్లే చూసి, ఆ రోజు జారిపోయిన స్పెల్లింగులను ఉన్నవి ఉన్నట్టు కాపీ చేసి లిస్టులో వేయండి. రెండు మూడు వారాలకి మీ చాట్‌లో తిరిగే బూతులన్నీ దాదాపు పట్టుబడతాయి. తిట్టేవాళ్ళు కొత్తవి కనిపెట్టరు, అవే తిప్పి తిప్పి వాడతారు.

రెండు మూడు అక్షరాల ముక్కలను మాత్రం లిస్టులో పెట్టొద్దు, మామూలు మాటలు కూడా ఆగిపోతాయి. కులాల పేర్ల దగ్గర ఇంకా జాగ్రత్త. రాజు, నాయుడు, రెడ్డి అని విడి పదాలు బ్లాక్ చేస్తే "నాయుడు అన్నా, బాగా ఆడావ్" అన్న మెసేజ్ కూడా పోతుంది. ఆ పదాన్ని తిట్టుతో కలిపి వాక్యంలా పెట్టండి. అదే విభాగంలో లింకులు ఆపే గుర్తు కూడా పెట్టేయండి.

ఇక మనిషిని ఆపడం. మొదటి తప్పుకి మెసేజ్ డిలీట్, రెండోదానికి టైమవుట్ (కాసేపు రాయనివ్వకపోవడం), మూడోదానికి ఛానల్‌లో హైడ్. హైడ్ చేసిన సంగతి అతనికి నోటిఫికేషన్‌గా వెళ్ళదు. అతను రాసుకుంటూనే ఉంటాడు, మిగతావాళ్ళకి కనబడదు. మీరు "వాణ్ని పీకేశాం" అని మైకులో చెప్తేనే కొత్త అకౌంటుతో వస్తాడు. అప్పటికీ వస్తుంటే చాట్‌ని సబ్‌స్క్రైబర్లకు మాత్రమే చేసి, సబ్‌స్క్రైబ్ చేసి కొంత కాలం గడిచినవాళ్ళే రాసేలా పెట్టండి. స్లో మోడ్ (ఒకరి రెండు మెసేజ్‌ల మధ్య ఉండాల్సిన ఎడం) మామూలు రోజుల్లో పది సెకన్లు చాలు. ముప్పై పెడితే మంచివాళ్ళ కబుర్లు కూడా చచ్చిపోతాయి.

లక్షణం: "ఏటి, సీకాకులం బాసా?" అని వెక్కిరింపు

ఇది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఛానళ్ళకి ప్రత్యేకంగా తగిలే చీడ. బయటి జిల్లాల వాళ్ళు ఇద్దరు ముగ్గురు వచ్చి "ఏటి" (ఏమిటి), "బేగి" (త్వరగా) అన్న మాటలు పట్టుకుని వెక్కిరిస్తారు. అసలు దెబ్బ అక్కడ తగలదు. స్ట్రీమర్ సిగ్గుపడి, మర్నాటి నుంచి సినిమా డబ్బింగులాంటి భాష మొదలుపెడతాడు. వెక్కిరించినవాళ్ళకి పని అయిపోతుంది. నరసన్నపేట, బొబ్బిలి కుర్రాళ్ళు తమ మాటే తప్పేమో అనుకుని రాయడం మానేస్తారు.

మరమ్మతుకి వాదనలొద్దు, "మా యాస గొప్ప" అన్న ఉపన్యాసమూ వద్దు. యాస మీద ఎగతాళిని బూతుతో సమానంగా డిలీట్ చేయమని మోడరేటర్లకి (మీ తరఫున చాట్ చూసుకునేవాళ్ళకి) చెప్పండి. చాట్‌లో తనంతట తాను జవాబులిచ్చే నైట్‌బాట్ లాంటి బాట్ పెట్టుకుంటే (దాన్ని మోడరేటర్‌గా చేయకపోతే పనిచేయదు) రూల్స్ కమాండ్‌కి జవాబు మన మాటలోనే రాయండి: "బూతులొద్దు బావా, ఇక్కడ గుంటలు సూస్తన్నారు." (గుంటలంటే పిల్లలు.) చాటంతా నవ్వుకుంటుంది, రూలు కూడా గుర్తుంటుంది. ఊళ్ళోవాళ్ళు వాళ్ళలో వాళ్ళు ఆటపట్టించుకోవడం వేరు. తేడా తెలుసుకోవడం తేలిక: ఎగతాళి పడ్డవాడు ఆ తర్వాత కూడా రాస్తున్నాడా లేదా చూడండి. రాయడం ఆగిపోతే అది సరదా కాదు.

లక్షణం: ఎనభై మంది చూస్తున్నారు, రాసేది ఆరుగురే

ముందు లేటెన్సీ, అంటే మీ మాట చూసేవాళ్ళకి చేరడానికి పట్టే ఆలస్యం, చూడండి. నార్మల్‌లో ఉంటే మీరు అడిగిన ప్రశ్న వాళ్ళకి చేరి, జవాబు మీ దాకా వచ్చేసరికి ఆట వేరేచోటికి పోయి ఉంటుంది. కబుర్లు ముఖ్యమైన రోజుల్లో లో లేటెన్సీ గానీ అల్ట్రా లో గానీ పెట్టండి. నెట్ బలహీనంగా ఉంటే అల్ట్రా లోలో వీడియో ఎక్కువగా ఆగుతుంది, అప్పుడు లో దగ్గరే ఉండండి.

లేటెన్సీ బాగానే ఉంటే కారణం మాటల్లో ఉంది. పాత ఆరుగురితో పాత జోకులే నడుస్తుంటే కొత్తవాడు పెళ్ళిలో తెలియని చుట్టంలా గోడకి ఆనుకుని నిలబడతాడు. ఒక్క మాటతో జవాబిచ్చే ప్రశ్న వేయండి: "పోచింకీ దిగుదామా, జార్జోపోలా?" (రెండూ బీజీఎంఐలో దిగే చోట్లు.) వచ్చిన జవాబుల్లో ఇంతకుముందు చూడని పేరు ముందు చదవండి. "ఏ ఊరు, ఏ కాలేజీ" అని మాత్రం అడగొద్దు. చాట్‌లో పదో తరగతి పిల్లలుంటారు, వాళ్ళు ఉన్నది ఉన్నట్టు రాసేస్తారు, అది అందరూ చదువుతారు. జిల్లా దాకా చాలు.

వేళ కూడా చూసుకోండి. ఇక్కడ రాత్రి తొమ్మిదిన్నర అంటే దుబాయ్‌లో ఎనిమిది, సౌదీ, కువైట్, ఖతార్‌లలో ఏడు. అక్కడ పనికి వెళ్ళిన మనవాళ్ళకి అది బాగా కుదిరే సమయం. విజయనగరంలో సిరిమానోత్సవం మంగళవారం నాడు లైవ్ పెట్టి ఎవరూ రాలేదని దిగులు పడితే మాత్రం ఆ తప్పు ఆల్గరిథమ్‌ది కాదు.

లక్షణం: అమ్మాయిలు ఒక వారం వచ్చి మాయమవుతున్నారు

అమ్మాయి పేరున్న ఐడీ కనబడగానే "హాయ్, ఎక్కడ్నుంచి, ఇన్‌స్టా ఉందా" అని పదిమంది ఎగబడతారు. ఎక్కువసార్లు దాన్ని మొదలుపెట్టేది స్ట్రీమరే. "ఓహో, అక్క వచ్చింది చాట్‌లోకి" అని గేమ్ ఆపి మరీ పలకరిస్తాడు. మర్యాదగానే అంటాడు, కానీ చూపులన్నీ అటు తిప్పుతాడు. ఆ మెసేజ్‌ని మిగతావాటిలాగే చదివి, అడిగినదానికి జవాబు చెప్పి ముందుకెళ్ళండి. ఐడీ, నంబర్ అడిగే మెసేజ్‌లు ఎవరు ఎవరినడిగినా డిలీట్ చేయాలన్నది రూల్‌గా పెట్టండి.

రెండో కారణం వాట్సాప్ గ్రూపు. అందులో చేరితే అక్కడున్న వందలమందికి నంబర్ తెలిసిపోతుంది. లైవ్‌లో ఎంత పద్ధతిగా ఉన్నా, అర్ధరాత్రి ఫోన్లు అక్కడి నుంచే వస్తాయి. లైవ్ కబుర్లు చెప్పడానికి వాట్సాప్ ఛానల్ పెట్టుకోండి, అందులో ఫాలోవర్ల నంబర్లు ఒకరికొకరికి కనబడవు. మాట్లాడుకోవడానికి డిస్కార్డ్ యాప్‌లో ఒక సర్వర్ (మీ గుంపు చోటు). ఉన్న గ్రూపుని రాత్రికి రాత్రి మూసేస్తే ఎవడో ఒకడు అదే పేరుతో ఇంకోటి తెరుస్తాడు. ముందు అడ్మిన్లే రాసేలా మార్చండి, ఒక వారం పాటు రోజూ ఛానల్ లింకు పెట్టండి, ఆ తర్వాత సభ్యుల్ని తీసేసి మూయండి.

డిస్కార్డ్‌లో మొదట మూడు నాలుగు ఛానళ్ళకి మించి తెరవొద్దు. ఇరవై తెరిస్తే అన్నీ ఖాళీగా కనబడి వచ్చినవాడు వచ్చినట్టే పోతాడు. వెరిఫికేషన్ స్థాయి మీడియం చేసి, చెడ్డ మెసేజ్‌లను తనే ఆపే ఆటోమాడ్ ఆన్ చేయండి. ఎవరి సెట్టింగుల్లో వాళ్ళు ఆ సర్వర్ నుంచి వచ్చే డీఎంలు (నేరుగా వచ్చే సొంత మెసేజ్‌లు) ఆపుకునే వీలుంది. అదెలాగో చూపించే స్క్రీన్‌షాట్‌ని రూల్స్ ఛానల్‌లో పిన్ చేయండి. పదమూడేళ్ళ లోపు పిల్లలకి డిస్కార్డ్ లేదు.

లక్షణం: మోడరేటర్లే గొడవకి మూలం

సూపర్‌చాట్ (డబ్బు కట్టి పెట్టే మెసేజ్) వేసినవాడికో, పక్కింటి స్నేహితుడికో మోడరేటర్ రెంచి గుర్తు ఇచ్చేసి ఉంటారు. వాడికి నచ్చనివాణ్ని హైడ్ చేస్తాడు, మీకు తెలిసేసరికి నెల దాటుతుంది. డబ్బు వేసినవాడు మోడరేటర్ కావాలన్న లెక్కేం లేదు. నెల రోజులుగా గొడవల్లో తలదూర్చకుండా, కొత్తవాళ్ళకి ఓపిగ్గా జవాబు చెప్తున్నవాణ్ని వెతకండి. యాభై మందికి ఒకరు చొప్పున, ఎంత చిన్న ఛానల్‌కైనా కనీసం ఇద్దరు ఉండాలి. ఒకరికి కరెంటు పోతే రెండోవారుంటారు. అందరికీ స్టాండర్డ్ మోడరేటర్ హోదాయే ఇవ్వండి. మేనేజింగ్ హోదాకి అధికారాలు ఎక్కువ, అది ఒక్కరికి చాలు. హైడ్ చేసిన ప్రతిసారీ స్క్రీన్‌షాట్‌ని మోడరేటర్ల గ్రూపులో పెట్టాలి. వారానికోసారి హైడ్ చేసినవాళ్ళ జాబితా మీరే చూసి, అన్యాయంగా పోయినవాళ్ళని వెనక్కి తెచ్చుకోండి.

లక్షణం: రూమ్‌లో ఎవరో లైవ్ చూసి చంపుతున్నారు

రూమ్ అంటే ఐడీ, పాస్‌వర్డ్ ఉన్నవాళ్ళే చేరే మ్యాచ్. అందులో మీరెక్కడ దాక్కున్నారో మీ స్క్రీనే చెప్తోంది. పోటీ మ్యాచ్ రోజున యూట్యూబ్ లైవ్ సెట్టింగుల్లో ముప్పై లేదా అరవై సెకన్ల డిలే పెట్టండి. కంప్యూటర్‌లో లైవ్ పంపే ఓబీఎస్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్ళకి అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో స్ట్రీమ్ డిలే ఉంది. అప్పుడు చాట్‌కి జవాబులు ఆలస్యమవుతాయి. అందుకే కబుర్ల రోజు, మ్యాచ్ రోజు వేరు చేసి, ఆ సంగతి లైవ్ టైటిల్‌లోనే రాయండి. రూమ్ ఐడీ, పాస్‌వర్డ్ కనిపించే చోట ఓబీఎస్‌లో ఒక బొమ్మ అడ్డంగా పెట్టుకోవాలి. ఫోన్ నుంచి స్ట్రీమ్ చేసేవాళ్ళు డు నాట్ డిస్టర్బ్ పెట్టకపోతే రూమ్ పాస్‌వర్డ్ ఒక్కటే కాదు, బ్యాంకు ఓటీపీ కూడా లైవ్‌లో పోతుంది. ఓడిన ప్రతిసారీ "స్నైపర్ గాడు" (లైవ్ చూసి చంపేవాడు) అని మీరే అరుస్తుంటే చాట్ కూడా ప్రతి ఎదుటి ఆటగాణ్నీ తిడుతుంది. అనుమానాన్ని మైకులో చెప్పకండి, రీప్లే చూసి తర్వాత తేల్చుకోండి.

లక్షణం: చాటంతా "యూసీ ఇవ్వన్నా, డైమండ్స్ ఇవ్వన్నా"

యూసీ, డైమండ్స్ అంటే ఆటల్లో వస్తువులు కొనుక్కునే డబ్బు. వాటిని ఊరికే పంచే గివ్‌అవేతో పోగైన జనం గివ్‌అవే కోసమే ఉంటారు. ఇస్తే ముందు చెప్పకుండా, నెలకోసారి, చాట్‌లో పనికొచ్చే మాట చెప్పినవాడికి ఇవ్వండి. యూట్యూబ్ నియమాల ప్రకారం పోటీలో చేరడానికి డబ్బు తీసుకోకూడదు.

యాభై రూపాయలు ఫోన్‌పే చేస్తే రూమ్‌లో చోటు, గెలిస్తే వెయ్యి: ఈ బేరం జోలికి వెళ్ళకండి. డబ్బు పందెంతో నడిచే ఆన్‌లైన్ ఆటలను 2025లో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది. అలాంటి ఆటలకు ప్రకటనలు చేసినా రెండేళ్ళ వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా ఉన్నాయి. బెట్టింగ్ యాప్ వాళ్ళు స్పాన్సర్‌షిప్ అని మెయిల్ పెడితే జవాబే ఇవ్వొద్దు. చట్టం సంగతి పక్కనపెట్టినా, డబ్బు పోగొట్టుకున్న కుర్రాడి కోపం మీ చాట్ మీదే పడుతుంది.

లక్షణం: మీ లోగోతో ఇంకొకడు "గెలిచారు, మెసేజ్ చేయండి" అంటున్నాడు

రిపోర్ట్ చేసి, హైడ్ చేసి, బహుమతి కోసం మేం ఎవరినీ డబ్బు గానీ ఓటీపీ గానీ అడగమని బాట్ టైమర్‌తో పావుగంటకోసారి చెప్పించండి. ఎవరైనా అప్పటికే డబ్బు పంపి ఉంటే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమనండి, ఆలస్యమైనకొద్దీ డబ్బు ఆపడం కష్టం.

లక్షణం: హీరోలు, పార్టీలు, కులాల మీద గొడవలు

ఎవరిది ఒప్పో తేల్చకండి. "ఈ ముచ్చట ఇక్కడితో ఆపేద్దాం" అని ఒక్కసారి చెప్పి, పది నిమిషాలు స్లో మోడ్ ముప్పై సెకన్లకి పెంచి, కొత్త మ్యాచ్ మొదలుపెట్టండి. మీరు ఏ హీరో టీషర్టు వేసుకున్నారో కూడా చాట్ చూస్తుంది.

లక్షణం: "బతకాలని లేదు" అని ఎవరో రాశారు

పేరు పైకి చదవొద్దు, టైమవుట్ చేయొద్దు, జోక్ అనుకుని వదిలేయొద్దు. మోడరేటర్ ఒకరు నేరుగా అతన్ని ఉద్దేశించి మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబర్ 14416 రాయాలి. అది ఉచితం, ఏ వేళైనా పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. పద్దెనిమిదేళ్ళ లోపు అయితే పిల్లల హెల్ప్‌లైన్ 1098 కూడా. "డ్రామా" అని రాసేవాళ్ళ మెసేజ్‌లు వెంటనే తీసేయండి. లైవ్ అయ్యాక ఆ భాగాన్ని రీప్లే నుంచి కత్తిరించండి, క్లిప్పుగా ఎవరూ పంచకుండా.