మార్ఫిన్‌కు అలవాటుపడిన ఎలుకలకు నలోక్సోన్ ఇచ్చే ముందు జాగ్రత్తలు

నలోక్సోన్ మార్ఫిన్ ప్రభావాన్ని అడ్డుకునే మందు; అలవాటుపడిన జంతువులో మార్ఫిన్ మానేసినప్పుడు కనిపించే లక్షణాలను వెంటనే తెప్పిస్తుంది. జంతు నైతిక సంఘం అనుమతి, మార్ఫిన్ నిల్వ రిజిస్టరు సరిగా ఉన్నాయో లేదో ముందే చూసుకోవాలి.

రోజూ మార్ఫిన్ ఇచ్చిన గదిని పరీక్ష రోజున మార్చకూడదు; ఎందుకంటే మందును తట్టుకునే శక్తిలో కొంత భాగం ఆ పరిసరాలతో ముడిపడి ఉంటుందని, అలవాటైన గదిలో కన్నా కొత్త చోట అదే మోతాదుకు ఎక్కువ ఎలుకలు చనిపోతాయని మనస్తత్వవేత్త షెపర్డ్ సీగెల్ బృందం 1982లోనే హెరాయిన్‌తో చూపింది.

వేడి పలకపై నొప్పిని కొలిచేటప్పుడు, జంతువు నొప్పికి గుర్తుగా పాదం నాకకపోయినా, ముందే నిర్ణయించిన గరిష్ఠ సమయం కాగానే దాన్ని తీసేయాలి. లేకుంటే పాదాలు కాలిపోతాయి, తర్వాతి కొలతలూ పనికిరావు.

నలోక్సోన్‌కు ముందే బరువు తూచి రాసుకోవాలి. సూది వేసిన కొద్ది నిమిషాల్లోనే చిట్టెలుకలు పైకి దూకుతాయి, పెద్ద ఎలుకలు తడిసిన కుక్కల్లా ఒళ్లు విదిలిస్తాయి, విరేచనాలవుతాయి; కాబట్టి పొడవాటి పారదర్శక జాడీ, వీడియో కెమెరా సిద్ధంగా ఉండాలి.

ఈ దూకడాలు, విదిలింపులు లెక్కపెట్టేవారికి ఏ జంతువుకు ఏ మందు ఇచ్చారో తెలియకూడదు. ఆచరణలో తేలిగ్గా వదిలేసేది ఇదే.