బీఎండబ్ల్యూ ఐ3 రెక్స్ (ఛార్జ్ పుట్టించే చిన్న పెట్రోల్ ఇంజిన్ కూడా ఉన్న ఎలక్ట్రిక్ కారు): కోడింగ్, అంటే ఫోన్ యాప్‌తో కారు లోపలి సెట్టింగులు మార్చడం, మొదలెట్టే ముందు జాగ్రత్తలు

- అసలు కీలకం 12 వోల్టుల బ్యాటరీ. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా, కోడ్ రాస్తుండగా ఇది దిగిపోతే మాడ్యూల్ (కారులోని చిన్న కంప్యూటర్) మొరాయిస్తుంది. వోల్టేజీ 13కి తగ్గకుండా నిలబెట్టే ఛార్జర్ తగిలించండి. కోనసీమలో వేసవి కరెంటు సంగతి తెలిసిందేగా, దాన్ని ఇన్వర్టర్ లైనుకి పెట్టండి.
- పాత కోడింగ్ బ్యాకప్ తీశాకే చెయ్యి వెయ్యండి.
- ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో, కారుకి తగిలించిన అడాప్టర్‌తో కలిపే బ్లూటూత్ ఒక్కటే ఆన్‌లో.
- ఒకసారికి ఒక్కటే మార్పు. అమెరికాకి తయారైన కారైతే, అందులో మూసి ఉంచిన ఛార్జ్ నిలిపే మోడ్ (ఇంజిన్ నడిపి బ్యాటరీ ఛార్జ్ తగ్గకుండా చూసేది) ముందుగా తెరవండి. ఛార్జ్ 75 శాతం లోపుంటేనే అది పనిచేస్తుంది. మెనూ నొక్కినా కదలట్లేదంటే కోడింగ్‌ని అనుమానించకండి.
- పరీక్షకి కారు సావిట్లోంచి బయటికి తీయండి. 647 సీసీ ఇంజిన్ స్టార్టయితే, మూసిన చోట పొగ ప్రాణం తీస్తుంది.
- షోరూంలో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేస్తే మీరు చేసిన ఈ మార్పులన్నీ ఎగిరిపోవచ్చు.