గ్లవ్ తొడిగినా స్పర్శ తెలియకపోతే

దూరంగా ఉన్న రోబో చేతిని నడపడానికి తొడుక్కునే గ్లవ్‌లను నేను బాగుచేస్తాను. రోబో వేలికి ఏదైనా తగిలితే, గ్లవ్‌లో ఆ వేలి దగ్గరున్న చిన్న మోటారు వణికి ఆ సంగతి చెబుతుంది. అమలాపురంలో వర్షాలు మొదలయ్యాయంటే నా టేబుల్ మీదకి ముందు వచ్చే ఫిర్యాదు ఇదే: "చూపుడువేలికి వైబ్రేషన్ రావట్లేదండీ." అక్కడ రోబో చేయి వస్తువును పట్టుకుంటుంది, ఇక్కడ నడిపే మనిషికి ఆ సంగతే తెలియదు.

వెంటనే మోటారు మార్చేయకండి. చూపుడువేలి మోటారు, మధ్యవేలి మోటారు ఒకదాని చోట ఒకటి తగిలించి చూడండి. ఇప్పుడు మధ్యవేలు ఆగిపోతే పోయింది మోటారే. చూపుడువేలికే రాకపోతే తప్పు వైరులోనో, కనెక్టరులోనో, మోటారుకు కరెంటు పంపే డ్రైవర్ బోర్డులోనో ఉంది. మా వైపు ఎక్కువగా కనెక్టరే. ఉప్పుగాలికి, చెమటకి పిన్నుల మీద పచ్చగా చిలుము పట్టేస్తుంది. పవర్ తీసేసి, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, బాగా ఆరాక పెట్టండి. కణుపుల దగ్గర వైరును బిగించి కుట్టొద్దు, మడిచి మడిచి లోపలే తెగుతుంది. పని అయ్యాక గ్లవ్‌ను ఆరబెట్టి, సిలికా జెల్ వేసిన బిగుతు మూత డబ్బాలో దాచండి.

అన్ని వేళ్లకీ వైబ్రేషన్ నీరసంగా ఉందా? లీనియర్ రెజొనెంట్ మోటారుకు (గుండ్రంగా తిరగకుండా అటూ ఇటూ ఊగే రకం) తనదైన ఫ్రీక్వెన్సీ, అంటే సెకనుకు ఇన్నిసార్లు ఊగాలనే లెక్క, ఉంటుంది. మనమిచ్చే సిగ్నల్ దానికి కొన్ని హెర్ట్జ్‌లు అటూ ఇటూ అయినా బలం పడిపోతుంది. మోటారును గ్లవ్‌లో బిగించాకే, సిగ్నల్‌ను ఆ ఫ్రీక్వెన్సీకి సరిపెట్టే క్యాలిబ్రేషన్ చేయండి, విడిగా చేసింది సరిపోదు.

చేయి ఖాళీగా ఉన్నా గ్లవ్ ఆగకుండా కొడుతుంటే, రోబో వేలి రబ్బరు తొడుగు సెన్సారును నొక్కుతోందేమో చూడండి. తొడుగు వదులు చేసి, సున్నా మళ్లీ సెట్ చేయండి.

అసలు టెన్షన్ వేళ్లను వెనక్కి లాగే ఫోర్స్ గ్లవ్‌లతో. వస్తువు తగలగానే రోబో చేయి గడగడా వణుకుతుంది. కారణం ఆలస్యం. తగిలిందన్న కబురు వచ్చేలోపు మనం ఇంకా నొక్కేస్తాం, గ్లవ్ గట్టిగా తోస్తుంది, మనం వదులుతాం, ఆ వదలడమూ అక్కడికి ఆలస్యంగానే చేరుతుంది. ముందు ఫోర్స్ గెయిన్‌ను, అంటే గ్లవ్ ఎంత గట్టిగా తోయాలనే సెట్టింగును, వణుకు ఆగేదాకా తగ్గించండి. వైఫై బదులు కేబుల్ వాడండి. పట్టు బలాన్ని మళ్లీ మళ్లీ కొలిచి సరిచేసే లూప్ రోబో దగ్గరి కంట్రోలర్‌లోనే, సెకనుకు 1000 సార్లు తిరిగేలా పెట్టండి. అప్పటికీ ఆగకపోతే ఫోర్స్ మానేసి, తగిలినప్పుడూ వదిలినప్పుడూ చిన్న వైబ్రేషన్ ఇవ్వండి. ఆగకుండా ఇస్తే వేలు మొద్దుబారుతుంది.

పరీక్షకు ముందు కొబ్బరికాయ, తర్వాత కోడిగుడ్డు. చివరికి ఆత్రేయపురం పూతరేకు చిట్లకుండా పైకి లేస్తేనే గ్లవ్ తిరిగి ఇస్తాను.